నొక్కాల్సిన చోట నొక్కితేనే!

ఒక్కసారి 'డయామీటర్' అని పైకి అనండి. బరువు ఎక్కడ పడింది? 'మీ' మీదే కదా! మనవాళ్లం దాదాపు అందరం అలాగే అంటాం. ఇంగ్లిషువాళ్లు మాత్రం 'డయ్-ఆమిటర్' అని 'ఆ' మీద నొక్కి, మన 'మీ'ని మింగేస్తారు. వాళ్ల నోట వింటే మనకది వేరే మాటలా ఉంటుంది. మన నోట వింటే వాళ్లకీ అంతే.

నేనుండేది బహ్రెయిన్‌లో, ముహర్రక్ దీవి ఆగ్నేయ కొసన ఉన్న హిద్‌లో. ఓడల మరమ్మతు యార్డు, 2009లో మొదలైన ఖలీఫా బిన్ సల్మాన్ పోర్టు, కరెంటుతో పాటు సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటు, సముద్రాన్ని పూడ్చి కట్టిన ఇళ్లు... అన్నీ ఈ చుట్టుపక్కలే. ఇక పొడవాటి ఇంగ్లిషు మాటలకు కరువేముంది! డీసాలినేషన్, రిక్లమేషన్, రీఇన్‌ఫోర్స్‌మెంట్... పొద్దున్నే టూల్‌బాక్స్ మీటింగ్‌లో నోరు తిరగాల్సిందే. సివిల్ డిప్లొమా చేసి సూపర్‌వైజర్లుగా వచ్చిన నాలాంటివాళ్లకు ఈ మాటలు కొత్తేం కాదు. మూడేళ్లు పరీక్షల్లో రాశాం. రాయడమే! పదో తరగతి దాకా తెలుగు మీడియం, పాలిటెక్నిక్‌లో ఇంగ్లిషు పుస్తకం, తెలుగులో పాఠం. పలకడం ఎవరూ నేర్పలేదు.

తెలుగులో అర్థమంతా దీర్ఘంలో, ఒత్తులో ఉంటుంది. 'వడి' వేగం, 'వాడి' పదును, 'వడ్డి' అప్పు మీద పెరిగేది. ఏ అక్షరాన్ని గట్టిగా అన్నా అర్థం మారదు. ఇంగ్లిషు అలా కాదు. పొడవాటి మాటలో ఒక్క ముక్క మీద ఊనిక పెడతారు. అంటే దాన్ని కాస్త గట్టిగా, కాస్త సాగదీసి పలికి, మిగతావాటిని నలిపేస్తారు. మనమేమో తెలుగులో రాసుకున్నప్పుడు ఎక్కడ దీర్ఘం పడిందో అక్కడ నొక్కుతాం. 'మీటర్'కి దీర్ఘం ఉంది కాబట్టి 'డయామీటర్'లోనూ దాన్నే పట్టుకు వేలాడతాం.

దీనివల్ల పోయేదేముంది అంటారా? మాతో పనిచేసిన నిజామాబాద్ అన్న ఒకాయన ఉన్నాడు. కాంక్రీటు పనిలో చెయ్యి తిరిగినవాడు. సూపర్‌వైజర్‌గా ఆమోదించడానికి ఓ కన్సల్టెంట్ ఇంటర్వ్యూ చేశాడు. కంకర సైజు అడిగితే మనవాడు సరిగ్గానే చెప్పాడు. కానీ 'అగ్రిగేట్'లో చివరి 'గేట్'ని గట్టిగా లాగాడు. నొక్కాల్సింది మొదటి 'అ' మీద. ఆ కన్సల్టెంట్ ఏ గేటు అనుకున్నాడో ఏమో, మూడుసార్లు మళ్లీ చెప్పమన్నాడు. మూడోసారికి మనవాడి గొంతు లేవలేదు. 'పని తెలుసు, మాట రాదు' అని తేల్చేశారు. ఫోర్‌మన్ జీతంతోనే ఇంకో రెండేళ్లు లాగాడు.

మలయాళీ, పాకిస్తానీ, ఫిలిప్పీన్స్ తోటివాళ్లతో ఈ బాధ తక్కువే. జెన్నిఫర్ జెన్‌కిన్స్ అనే భాషావేత్త కూడా 2000లో వచ్చిన తన పుస్తకంలో, ఇంగ్లిషు సొంతభాష కానివాళ్లు తమలో తాము మాట్లాడుకోవడానికి మాటలోని ఊనిక తప్పనిసరి కాదంది. 2005లో జాన్ ఫీల్డ్ పరిశోధన వేరే మాట చెప్పింది. ఊనిక చోటు మారితే ఎవరికైనా మాట పట్టుకోవడం కష్టమేనట. అందులోనూ చివరి వైపు జరిగితే మరీ కష్టం. మన డయామీటర్, మన అగ్రిగేట్ రెండూ అలా చివరికి జరిగినవే చూడండి! నా ఓటు ఫీల్డ్‌కే.

తిక్కగా కనిపించినా దీనికో పద్ధతి ఉంది. 'షన్'తో ముగిసే మాటల్లో దాని ముందు ముక్కే నొక్కాలి. స్పెసిఫికేషన్‌లో 'కే', కాలిబ్రేషన్‌లో 'బ్రే'. 'ఇక్', 'ఇకల్', 'ఇటీ' చివర వచ్చినా అంతే. హైడ్రాలిక్‌లో 'డ్రా', జియోటెక్నికల్‌లో 'టెక్'. అందుకే ఎలక్ట్రికల్‌లో 'లె' మీద ఉన్న బరువు ఎలక్ట్రిసిటీ దగ్గరికొచ్చేసరికి 'ట్రి' మీదకు దూకుతుంది. ఇక మీటర్ల సంగతి: కొలిచే పరికరమైతే 'మీటర్'కి ముందు ముక్క (థర్మామీటర్‌లో 'మా'), కొలతైతే మొదటి ముక్క (మిల్లీమీటర్‌లో 'మి'). కిలోమీటర్‌ని ఇంగ్లిషువాళ్లే రెండు రకాలుగా అంటారు. లాబొరేటరీకి బ్రిటిష్ వాళ్లు 'బొ' మీద, అమెరికా వాళ్లు 'లా' మీద నొక్కుతారు. వాళ్లలో వాళ్లకే కుదరనప్పుడు మనం సిగ్గుపడేదేం లేదు.

ఒక్కచోట మాత్రం ఊనికను నమ్ముకోవద్దు. అంకెల దగ్గర! విడిగా పలికితే ఫిఫ్టీన్‌కి చివర, ఫిఫ్టీకి మొదట నొక్కుతారు. కానీ వెనకాల ఇంకో మాట వస్తే ఫిఫ్టీన్ బరువు కూడా ముందుకే జరుగుతుంది. వాకీటాకీ గరగరలో ఇక తేడా ఏం తెలుస్తుంది? కడ్డీకి 50 మిల్లీమీటర్ల కవర్ పెట్టాల్సిన చోట 15 పెడితే, హిద్ లాంటి ఉప్పునేలలో ఉప్పు లోపలికి దిగి కడ్డీ తుప్పు పడుతుంది. అందుకే 'వన్ ఫైవ్', 'ఫైవ్ జీరో' అని విడగొట్టి చెప్పాలి, అవతలివాడి చేత తిరిగి చెప్పించుకోవాలి. విమానాల రేడియోలో రన్‌వే నంబర్లు చెప్పేదీ ఇలాగే.

మంచి డిక్షనరీలో నొక్కాల్సిన ముక్కకి ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది. ఫోన్ డిక్షనరీలో స్పీకర్ బొమ్మ నొక్కితే మాటే వినిపిస్తుంది. శుక్రవారం సెలవు కదా, మా గదిలో వంట అయ్యేలోపు నలుగురం కూర్చుని పది మాటలు పైకి అంటాం. దొరలా మాట్లాడాలని కాదు, మన పనిలో వచ్చే మాటల వరకే. గరిటె పట్టుకున్నవాడు 'డయ్-ఆమిటర్' అంటే మిగతా ముగ్గురం అందుకుంటాం. పోయిన వారం 'బిటుమినస్' దగ్గర ఆగాం. నొక్కాల్సింది 'టు' మీద.