ఒక్క రెసిస్టరు అమ్మే కొట్టు

ప్రతి ఊళ్ళోనూ కొన్ని కొట్లు ఉంటాయి, వాటితో ఊరందరికీ పని పడదు. బియ్యం కొట్టో మందుల కొట్టో మూతపడితే వీధివీధంతా ఆ మాటే చెప్పుకుంటుంది. కాని రేడియో విడిభాగాలు అమ్మే కొట్టో, తపాలా బిళ్ళలు పోగుచేసే పిల్లలకు ఆల్బములు అమ్మే కొట్టో, ఊలు ఉండలూ అల్లిక సూదులూ అమ్మే కొట్టో ఒకనాటి సాయంత్రం తలుపులు వేసి, నెల తిరిగేసరికి అక్కడ సెల్‌ఫోను కవర్లు వేళ్ళాడుతూ కనిపిస్తే, ‘అయ్యో’ అనుకునేవారు పట్టుమని పదిమంది ఉండరు. ఆ పదిమందికీ మాత్రం అది చిన్న సంగతి కాదు.

కారణం ఏమిటని అడగండి. ఎవరైనా ఒకే జవాబు చెబుతారు: ఆన్‌లైను. అమెరికాలో అమెజాన్ కంపెనీ ఇంటర్నెట్టు మీద పుస్తకాలు అమ్మడం మొదలుపెట్టింది 1995లో. మన ఫ్లిప్‌కార్ట్ 2007లో బెంగుళూరులో పుట్టింది; అదీ మొదట పుస్తకాలతోనే. అమెజాన్ మన దేశంలో అంగడి తెరిచింది 2013లో. ఇప్పుడు అరచేతిలో ఫోనుంటే చాలు, గుండుసూది మొదలుకొని గుర్రపు జీను దాకా గుమ్మంలోకి వచ్చి పడుతుంది. కనుక ఆ జవాబు అబద్ధమనలేము. కాని ఆ చిన్న కొట్లలో నిజంగా అమ్మిన సరుకేమిటో తెలుసుకోనిదే, పోయిందేమిటో తెలియదు. రేడియో సామానుల కొట్టునే తీసుకుందాం.

హైదరాబాదులో కోఠీ దగ్గర గుజరాతీ గల్లీ, చెన్నైలో (మనవాళ్ళకు ఇంకా మద్రాసే అనుకోండి) మౌంటు రోడ్డు పక్కన రిచ్చీ స్ట్రీటు, ముంబైలో లామింగ్టన్ రోడ్డు, ఢిల్లీలో ఎర్రకోట ఎదుట లాజపత్ రాయ్ మార్కెట్టు. రేడియో పిచ్చి పట్టినవారికి ఇవి పుణ్యక్షేత్రాల వంటివి. ఇరుకు కొట్టు. వెనుక గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. ఒక్కొక్క సొరుగు మీద యజమాని చేతివ్రాతతో ఒక అంకె. లోపల రంగు గీతల రెసిస్టర్లు: గోధుమ, నలుపు, ఎరుపు వరుసగా ఉంటే వెయ్యి ఓములు, ఎరుపుకు బదులు నారింజ ఉంటే పదివేలు. మరో అరలో తగరపు డబ్బీలవంటి కాయిళ్ళు. ఎరుపు తలది ఆసిలేటరు. పసుపు, తెలుపు, నలుపు తలలవి ఐ.ఎఫ్. ట్రాన్స్‌ఫార్మర్లు. పక్కన గ్యాంగు కండెన్సర్లు, ఓ.ఎ.79 డయోడ్లు, కాలేజీ లేబొరేటరీల్లో చదివినవారెవరూ మరచిపోలేని ఎస్.ఎల్.100 ట్రాన్సిస్టర్లు. ఢిల్లీ నుంచి 1969లో ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ’ అనే మాసపత్రిక రావడం మొదలైన తరువాత, అందులోని సర్క్యూటు పేజీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకొని ఈ గల్లీలకు వచ్చే కుర్రవాళ్ళ సంఖ్యా పెరిగింది.

ఆ రోజుల్లో మొట్టమొదట కట్టేది క్రిస్టల్ రేడియో. దానికి బ్యాటరీ అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. అట్టగొట్టం చుట్టూ చుట్టిన రాగితీగ, ఒక గ్యాంగు, ఒక డయోడు, ఒక ఇయర్‌ఫోను, మేడ మీద బారుగా కట్టిన ఏరియలు, నూతి పంపుకు కట్టిన ఎర్తు — ఇంతే. మీడియం వేవ్ స్టేషను దగ్గరలో ఉంటే, గాలిలోంచి వచ్చే శక్తితోనే అది పలుకుతుంది. పలికినప్పుడు ఆ పిల్లవాడి ముఖం చూడాలి! పలకనప్పుడూ చూడాలి. మొదటిసారి పలకకపోవడమే మామూలు.

అప్పుడు వాడు కొట్టుకు పరుగెత్తేవాడు.

“సేఠ్, అన్నీ కట్టాను, పలకడం లేదు.”

“తీగ చివర గీకావా బాబూ?”

“గీకడమేమిటి?”

“అది వట్టి రాగి కాదు, పైన ఎనామిల్ పూత ఉంది. బ్లేడుతో గీకి, మెరిసేదాకా గీకి, అప్పుడు కట్టు. పో.”

బేరం ఏమీ లేదు. ఒక్క పైసా చేతులు మారలేదు. కాని ఆ అర నిమిషంలో ఒక పిల్లవాడు ఆ విద్యలో నిలిచాడు. వాడు మళ్ళీ వస్తాడు. ఈసారి ట్రాన్సిస్టరు కొంటాడు, ఆపైన సోల్డరింగు ఐరను కొంటాడు. ‘బి.సి.148 లేదు, బి.సి.547 వేసుకో, కాళ్ళ వరుస చూసుకొని పెట్టు’ అని చెప్పే మనిషి అక్కడ ఉన్నాడు. అతుకు మసకగా, ముద్దగా ఉంటే ‘ఇది డ్రై సోల్డరు, మళ్ళీ వేడి చెయ్యి’ అని వేలితో చూపించే మనిషీ అతడే. ఆ కొట్టులో సరుకుకు ధర ఉండేది, సలహాకు లేదు. సరుకు మీది లాభంతోనే సలహా బ్రతికేది.

ఇప్పటి కుర్రవాడి సంగతి చూడండి. ఫోనులో ఒక కిట్టు చూసి తెప్పించుకున్నాడు. అన్నీ కట్టాడు. చెవికి తన సెల్‌ఫోను ఇయర్‌ఫోను తగిలించాడు. పలకలేదు. సెల్‌ఫోను ఇయర్‌ఫోను నిరోధం ముప్పై ఓముల చిల్లర. క్రిస్టల్ రేడియోకు వేల ఓములది కావాలి. ఆ సంగతి పెట్టెలో వేసిన కాగితం మీద లేదు. వీడియోల్లో ఉంటుంది, నిజమే. కాని ఏ మాట పెట్టి వెతకాలో తెలియాలంటే జబ్బు పేరు ముందే తెలిసి ఉండాలి కదా! వాడు ఒక నక్షత్రం ఇచ్చి ‘పనిచేయదు’ అని వ్రాసి పెట్టెను అటక మీద పారేశాడు. డబ్బు పోతే పోయింది. ‘నాకు ఈ విద్య రాదు’ అని వాడు అనుకున్నాడే, అదీ నష్టం. అది ఏ కంపెనీ లెక్కల్లోకీ రాదు.

ఇది మగపిల్లల రేడియోల గొడవేనని అక్కచెల్లెళ్ళు పేజీ తిప్పనక్కరలేదు. ఊలు కొనేవారికి ఈ బాధ బాగా తెలుసు. ఒకే కంపెనీ, ఒకే రంగు నంబరు అయినా, రంగు వేసిన దఫా మారితే ఛాయ మారుతుంది. స్వెటరు వీపు భాగం ఒక ఛాయ, చేతులు మరో ఛాయ! తెలిసిన కొట్టువాడు ‘మీకు ఎనిమిది ఉండలు పడతాయండీ, ఇప్పుడు ఆరు తీసుకోండి, ఇదే లాటులో రెండు పక్కన పెడతాను’ అనేవాడు. మాచింగు సెంటరులో చీర అంచు పట్టుకొని వెలుతురులోకి వెళ్ళి దారం సరిపోల్చుకున్నట్టు ఫోను తెర మీద సరిపోల్చుకోలేము. తెర తెరకూ రంగు వేరు.

ఇక ఇటీవలి చోద్యం ఒకటున్నది. సలహా కొట్టులో, సరుకు ఫోనులో. అరగంట నిలబెట్టి మల్టీమీటర్లు నాలుగు తీయించి, ఏది మంచిదో చెప్పించుకొని, ఆ నంబరును ఫోటో తీసుకొని, మెట్లు దిగుతూనే ఆర్డరు పెట్టేవారున్నారు. చట్టప్రకారం తప్పేమీ లేదు. కాని పెళ్ళిచూపులకు వచ్చి ఉప్మా తిని వెళ్ళే పెద్దమనిషికీ వీరికీ తేడా కనబడదు నాకు.

ఇది మన దేశపు కథ మాత్రమే కాదు. అమెరికాలో రేడియోషాక్ అనే కంపెనీ 1921లో బోస్టను నగరంలో పుట్టింది. హామ్ రేడియో వాళ్ళకూ, ఓడల్లోని రేడియో పనివారికీ సామాను అమ్మేది. 1963లో దాన్ని కొన్నది తోలుపని సరదాగా చేసుకునేవారికి సరుకులమ్మే టాండీ అనే కంపెనీ. అంటే హాబీ గురించి తెలిసినవాళ్ళే. తరువాత అమెరికాలో చిన్న ఊరు కూడా లేదు రేడియోషాక్ లేనిది. 1977లో వారు అమ్మిన టి.ఆర్.ఎస్.80 కంప్యూటరు ఆనాటి కుర్రకారుకు తొలి కంప్యూటరు. అటువంటి కంపెనీ 2015 ఫిబ్రవరిలో దివాలా పిటిషను పెట్టేనాటికి దానికి ఇంచుమించు నాలుగు వేల దుకాణాలున్నాయి. ఆన్‌లైను దెబ్బ ఉన్నది, కాదనము. కాని అంతకు చాలా ముందే ఆ కంపెనీ సెల్‌ఫోను కనెక్షన్ల మీది కమీషనుకు ఆశపడి, రెసిస్టర్ల సొరుగులను వెనక మూలకు నెట్టింది. కౌంటరులో నిలబడ్డ కుర్రవాడికి కండెన్సరంటే ఏమిటో తెలియని రోజు వచ్చింది. సలహా పోయాక మిగిలేది ధర ఒక్కటే. ధరతో పోటీపడి ఇంటర్నెట్టును గెలిచే దుకాణమేదీ?

ఇంగ్లండులో మాప్లిన్ కథ మరీ విచిత్రం. ఎసెక్సులో 1972లో దాన్ని మొదలుపెట్టింది ముగ్గురు మనుషులు, అదీ తపాలా వ్యాపారంగా! కేటలాగు పంపడం, ఆర్డరు రాగానే పొట్లం కట్టి పోస్టులో వేయడం. ఆ పోస్టు వ్యాపారమే పెరిగి పెరిగి రెండు వందలకు పైగా దుకాణాలయింది. 2018 ఫిబ్రవరిలో కూలింది. కొద్ది నెలల్లో దుకాణాలన్నీ మూసేశారు. తరువాత ఆ పేరు మళ్ళీ వచ్చింది, ఇంటర్నెట్టు మీద.

దీన్నిబట్టి దూరపు బేరం కొత్తదేమీ కాదని తెలుస్తున్నది. మనకు మాత్రం వి.పి.పి. లేదా? పత్రిక చివరి పేజీల్లో ప్రకటన చూసి కార్డు ముక్క వ్రాసి, పోస్టుమానుకు డబ్బిచ్చి పార్సెలు విప్పుకున్న తరాలు మనవి. ఆ వి.పి.పి. వల్ల వీధి కొట్లు పోలేదు. కేటలాగు వచ్చేసరికి పక్షం, సరుకు వచ్చేసరికి మరో పక్షం. ఈలోగా కావలసిన పది వస్తువులు వీధి చివరే కొనుక్కోవాలి. ఇప్పుడు ఆ వ్యవధి పోయింది. కొట్టుకు మిగిలి ఉన్న సౌకర్యం దాదాపు అదే.

అయితే మరోవైపు కూడా చెప్పాలి. గుజరాతీ గల్లీ ఎవరికి? హైదరాబాదులో ఉన్నవాళ్ళకు. పలాసలోనో, ఆదోనిలోనో, ఆసిఫాబాదులోనో ఉన్న పిల్లవాడికి అది ఏనాడూ అందలేదు. ఊళ్ళో రేడియో రిపేరరు దయతలచి పాత డయోడు ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. ఇవాళ ఆ పిల్లవాడు ఇటలీలో 2005లో పుట్టిన ఆర్డ్యునో పలకనూ, ఇంగ్లండులో 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరునూ ఇంటి అరుగు మీద కూర్చొని తెప్పించుకుంటున్నాడు. నగరంలో పుట్టనివాడికి ఇది న్యాయం చేసింది. వీధి కొట్టు కోసం కన్నీరు పెట్టే మనం ఆ సంగతి దాచిపెడితే మర్యాద కాదు. కొట్లవాళ్ళందరూ ఋషులూ కాదు, పాత ఐ.సి. మీద అంకెలు చెరిపి కొత్త అంకెలు అచ్చుకొట్టి అంటగట్టినవాళ్ళూ ఆ బజార్లలో ఉన్నారు. అదే మోసం ఇప్పుడు ఆన్‌లైనులోనూ జరుగుతున్నదనుకోండి.

పోగా, రేడియో కట్టే సరదాను తగ్గించినవి వేరే ఉన్నాయి. వినేవాళ్ళు మీడియం వేవ్ వదిలి ఎఫ్.ఎం.కు వెళ్ళారు; ఎఫ్.ఎం. సెట్టును అట్టగొట్టంతో కట్టలేము. వంద భాగాలు చేసే పనిని ఒక్క ఐ.సి. చేస్తున్నది. కట్టడానికయ్యే ఖర్చు కంటే కొత్త సెట్టు చవక. గల్లీల్లో అద్దెలు పెరిగాయి. యజమాని కొడుకు సాఫ్ట్‌వేరు చదివాడు; సాయంత్రం దాకా నిలబడి రెండు రూపాయల బేరాలు చేయమంటే చేస్తాడా? ఆ తండ్రి కూడా చేయమనడు.

ప్రభుత్వం వారు చేతులు ముడుచుకు కూర్చోలేదు. నీతి ఆయోగ్ ఆధ్వర్యాన అటల్ టింకరింగ్ ల్యాబులు పేరిట దేశంలో పదివేల పాఠశాలలకు ఈ సామగ్రి చేరింది. ఒక్కొక్క బడికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు. హైదరాబాదులో 2023 మార్చిలో టి-వర్క్స్ తెరిచారు. నమూనాలు తయారుచేసుకునేవారికి అక్కడ పెద్ద పెద్ద యంత్రాలున్నాయి. మంచిదే. కాని ల్యాబులోని పెట్టెలకు లెక్క అప్పగించవలసిన మాస్టారు, పోతే తన మెడకు చుట్టుకుంటుందని బీరువాకు తాళం వేస్తే, ఆ పదివేలలో ఒకటి తగ్గినట్టే. డయోడు కాల్చిన పిల్లవాణ్ణి ‘పోనీలే, ఇంకొకటి తీసుకో’ అనగలవాడు అక్కడ కావాలి. గల్లీ కొట్టువాడికి అది తేలిక, ఎందుకంటే కాలిన ప్రతి డయోడూ అతడికి ఒక బేరం!

ఒకటి మాత్రం ఆన్‌లైను వాళ్ళకు ఇంకా చేతకాలేదు. ఆదివారం సాయంత్రం ఒకే ఒక్క రెసిస్టరు కాలిపోతే, ఒకే ఒక్కటి ఇవ్వడం. వాళ్ళు వంద ఇస్తారు, లేదా ఒకదానికి దాని ఖరీదుకు ఎన్నో రెట్లు తపాలా ఖర్చు వేస్తారు. మిగిలిన తొంభై తొమ్మిదీ ఇంట్లో బిస్కట్ల డబ్బాలో పడి ఉంటాయి. ఇంటావిడను అడగండి, అటువంటి డబ్బాలు ఎన్ని ఉన్నాయో చెబుతుంది.

ఆ గల్లీలు నిర్మానుష్యమయ్యాయని ఎవరూ భయపడనక్కరలేదు. జనం కిటకిటలాడుతూనే ఉన్నారు. అమ్మే సరుకు మారింది: సి.సి. కెమేరాలు, ఎల్.ఇ.డి. దీపాల పట్టీలు, ఛార్జర్లు. ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం వాళ్ళు వచ్చే కాలంలో బేరం ఇంకా జోరు. కొందరికి విడిభాగాలు అక్కరలేదు, కట్టి ఉన్న ప్రాజెక్టే కావాలి. అమీర్‌పేట వైపు అది కూడా తయారుగా దొరుకుతుంది. అయినా పాత కొట్లు కొన్నిటిలో, కెమేరా తీగల చుట్టలను దాటుకొని లోపలికి వెళ్ళి అడిగితే, పెద్దాయన స్టూలెక్కి, పై అర దుమ్ము దులిపి, ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు తలల సెట్టు ఒకటి తీసి బల్ల మీద పెడతాడు. ఎంత అని అడిగితే వెంటనే చెప్పలేడు. దాని ధర అడిగినవారు లేక చాలా కాలమైంది.