ఇసుక నడచు తీరము

గోపాలపురపు సముద్రతీరమునకు మా పాఠశాల బాలురతో విహారయాత్రకు పోయిన దినమున ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు నన్ను సమీపించి, "మాస్టారూ! నిరుడు మనమెక్కి ఆడిన ఇసుకగుట్ట ఈ యేడు కనబడుటలేదు. ఎక్కడికి పోయినదండీ?" అని అడిగెను. తక్కిన బాలురు నవ్విరి. కాని ఆ ప్రశ్న నవ్వదగినది కాదు. ఇసుకగుట్టలు నిజముగానే నడచిపోవును. దారిలోనున్న పొలములను, ఇండ్లను, తుదకు ప్రార్థనామందిరములను సయితము కప్పివేయును. ఈ సంగతిని స్పష్టముగా చూపు తీరము డెన్మార్కు దేశపు ఉత్తరపుకొనయందు స్కాగెన్ అనుచోట కలదు. నేను దానిని కన్నులార చూచినవాడను కాను, చదివి తెలిసికొన్నవాడను. ఆ బాలునకు తీరమున నిలిచి సరిగా చెప్పలేకపోయిన సమాధానమును ఇచట వ్రాయుచున్నాను.

డెన్మార్కు మనకు బొత్తిగా పరాయిది కాదు. 1620 మొదలు 1845 వరకు తమిళదేశపు తరంగంబాడి డేనుల అధీనమున నుండెను. వారు కట్టిన కోట నేటికిని అచట సముద్రపుటొడ్డున నిలిచియున్నది. వారి స్వదేశమున జట్లండు అను ద్వీపకల్పము ఉత్తరముగా సాగిసాగి సన్నని ఇసుకనాలుకయై ముగియును. ఆ కొనకు గ్రేనెన్ అని పేరు. కొమ్మ యని దాని అర్థము. ఒక ప్రక్కనుండి స్కాగెరాక్ అలలు, వేరొక ప్రక్కనుండి కట్టెగాట్ అలలు వచ్చి అచట ఎదురెదురుగా ఢీకొనును. ఒక్కొక్క కాలును ఒక్కొక్క సముద్రమున నుంచి నిలువవచ్చును గాని, ప్రవాహములు బలమైనవగుటచే ఈదుట నిషిద్ధము.

యాత్రికులలో పెక్కుమంది అచటికి వేసవిలోనే పోవుదురు. జూన్ మాసమున పగలు సుమారు పదునెనిమిది గంటలు. రాత్రి పది దాటినగాని సూర్యుడస్తమింపడు. పిమ్మటకూడ ఆకాశమునను నీటిపైనను ఒక నీలికాంతి చాలసేపు నిలిచియుండును. ఆ కాంతికై 1870 తరువాతి దశాబ్దములలో క్రోయర్ మొదలగు చిత్రకారులు అచటికి చేరిరి. వారిలో అన్నా ఆంకర్ అను నామె మాత్రము 1859లో ఆ యూరనే జన్మించినది. 1890లో రైలుమార్గము ఏర్పడినపిదప విహారమునకు వచ్చువారు హెచ్చిరి. వేసవిని మాత్రమే చూచి మరలినవానికి ఇది మిక్కిలి శాంతమైన తీరమని తోచును. తప్పు అతనిది కాదు. అతడు వచ్చినప్పుడు గాలి పనిలో లేదు.

గాలి పని శరత్కాలమున మొదలిడి శీతకాలమున ముదురును. డిసెంబరులో పగలు సుమారు ఆరున్నర గంటలే యుండును. పడమటినుండి తుపానుగాలులు వీచును. అప్పుడు తీరమున నిలిచినవానికి మోకాలి క్రిందిభాగమున సూదులు గ్రుచ్చినట్లుండును. ఏలయనగా ఇసుకరేణువులు ధూళివలె పైకెగిరిపోవు; బరువు చాలక నేలపై నిలువను నిలువవు. గంతులు వేయుచు, క్రిందపడి తోడి రేణువులను తాకి, వానిని కూడ ఎగురగొట్టుచు సాగును. గాలికి ఎదురుగానున్న ప్రక్క గుట్ట ఏటవాలుగా నుండును. రేణువులు ఆ వాలుమీదుగా శిఖరమునకెక్కి అవతలిప్రక్క నిటారు వాలున జారిపడును. వెనుక తరుగుచు, ముందు పెరుగుచు, గుట్ట అంతయు స్థానము మారును. నడచునది గుట్ట యనుటకంటె, గాలి దానిని ఒకచోట విప్పి మరియొకచోట పేర్చుచున్నదనుట సరియైన మాట. అట్టి తుపానుల మరునాడు జట్లండు పడమటితీరమున జనులు వంగి వెదకుచు నడతురు. పూర్వయుగముల వృక్షముల జిగురు గట్టిపడి ఏర్పడిన తృణమణులను అలలు అప్పుడప్పుడు ఒడ్డునకు చేర్చును.

స్కాగెన్ వద్ద పదునాలుగవ శతాబ్దమున కట్టబడిన ఒక క్రైస్తవ దేవాలయముండెను. నావికులకు రక్షకుడని పేరుగల సెయింట్ లారెన్సు పేర అది వెలసినది. పొడవు 45 మీటర్లు; ఆ ప్రాంతమున అంత పెద్దది వేరొకటి లేదు. 1775 ప్రాంతమున ఇసుక దాని గోడలను చేరెను. అదిమొదలు ప్రార్థనకు వచ్చువారు ముందుగా ద్వారము ముందరి ఇసుకను త్రవ్వి తీయవలసివచ్చెను. ఇట్లు ఇరువది యేండ్లు త్రవ్విరి! తమ తాతలకు పెండ్లిండ్లు జరిగిన మందిరమును విడిచిపెట్టుట ఎవరికి సులభము? తుదకు 1795లో రాజాజ్ఞచే అది మూయబడెను. 1810లో దానిని పడగొట్టి, గోపురమును మాత్రము ఓడలవారికి గుర్తుగా నిలిపియుంచిరి. తెల్లగా సున్నము వేయబడిన ఆ గోపురము ఇసుకనుండి పైకి లేచి నేటికిని కనబడుచున్నది.

ఈ ఆపదకు గాలి యొక్కటియే కారణము కాదు. జనులు వంటచెరకునకై చెట్లు నరికిరి. పశువులను మితిమీరి మేపిరి. ఇంటికప్పులకును ఇతరావసరములకును ఇసుకగడ్డిని కోసిరి. పైకప్పు తొలగినపిదప ఇసుకను పట్టియుంచునదేది? 1539లోనే మూడవ క్రిస్టియన్ రాజు ఆ గడ్డిని తీయుటను నిషేధించెను. ఆజ్ఞ వెలువడినది గాని ఇసుక ఆగలేదు. 1792లో వేరొక శాసనము చేసి, ప్రభుత్వమే గడ్డిని నాటించు పని చేపట్టెను. పందొమ్మిదవ శతాబ్దమున పైనుచెట్ల తోపులు వెలసినవి.

వసంతమున పోయినవాడు చూడవలసినది ఆ గడ్డినే. ఇసుక మీదబడి పూడ్చినకొలది అది క్రొత్త వేళ్లు తన్ని పైకి మొలచును. పూడ్పు లేనిచో క్షీణించును! మన తీరమున బాలబందతీగయు, రావణుని మీసములును, మనుష్యులు నాటిన సరుగుడుతోపులును చేయు పని ఇట్టిదే. సరుగుడు గాలిని ఆపుటయేగాని తాను గాలికి లోబడనిది కాదు: 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము దాటినప్పుడు కూలిన చెట్లను మన పెద్దలు మరువలేదు. స్కాగెన్‌లో అదే ఋతువున గ్రద్దలు, డేగలు మొదలగు పక్షులు ఉత్తరముగా పోవుచు, ముందున్న సముద్రమును దాటుటకు జంకి, కొనభూమిపై గుమిగూడి తిరుగాడుచుండును.

డేనులు గుట్టలనన్నిటిని కట్టివేసి ఒక్కదానిని మాత్రము స్వేచ్ఛగా విడిచిరి. దాని పేరు రాబ్యెర్గ్ మీలె. వైశాల్యము సుమారు ఒక చదరపు కిలోమీటరు, ఎత్తు 40 మీటర్లు. మూడువందల యేండ్లకు పూర్వము పడమటితీరమున పుట్టి, ఏటికి 18 మీటర్లవరకు ఈశాన్యముగా నడచుచున్నది. తమ పూర్వులు ఎట్టి శత్రువుతో పోరాడిరో ముందుతరములవారు చూడవలెనని దానిని అట్లుంచిరట. పాఠ్యపుస్తకమునకు బదులు గుట్టనే ఉంచుట నాకు మిక్కిలి నచ్చినది.

తీరము వెంబడి నైరుతిదిశగా పోయినచో, 60 మీటర్ల ఎత్తుగల కొండచరియపై రూబ్యెర్గ్ క్నూడె అను దీపస్తంభమున్నది. 1900లో దానిని వెలిగించినప్పుడు సముద్రమునకు 200 మీటర్ల దూరముండెను. ఒకవైపు ఏటికి సగటున మీటరున్నర చొప్పున తీరము కోతపడుచుండెను; వేరొకవైపు ఇసుక పేరుకొని దీపము ఓడలకు కనబడకుండ చేసెను. 1968లో దీపమార్పిరి. తరువాత అందు నెలకొల్పిన ప్రదర్శనశాలను కూడ ఇసుక కప్పుచుండగా 2002లో విడిచిపెట్టిరి. తుదకు 2019 అక్టోబరు 22న, సుమారు 720 టన్నుల బరువుగల ఆ స్తంభమును పట్టాలమీద నెట్టి 70 మీటర్లు లోపలికి జరిపిరి. సముద్రము వెనుకకు పోలేదు, దీపస్తంభమే పోయినది.

మా విద్యార్థి ఆనాడు ఇంటికి మరలుటకు ముందు ఒక వెదురుకర్రను క్రొత్త గుట్ట అంచున పాతివచ్చినాడని తరువాత తెలిసినది. నైరుతి గాలులు వీచి ఆగినపిదప, దసరా సెలవులలో పోయి దానిని చూడవలెనని అతని కోరిక. కొలుచుటకు టేపు నేను తీసికొనిపోవుదునని చెప్పినాను.