‘వద్దు’ అనడం నేర్పే చదువు

మేధో వైకల్యం మానసిక జబ్బు కాదు. ఆలోచనాశక్తి, దైనందిన వ్యవహార నైపుణ్యం రెండూ చిన్నతనం నుంచే సగటుకు బాగా దిగువన ఉండే స్థితి అది. గ్రహింపు నెమ్మదిగా సాగినంత మాత్రాన శరీరం ఎదగక మానదు కాబట్టి, ఈ పిల్లల్లోనూ ఆడపిల్ల సమర్తాడుతుంది, మగపిల్లవాడి గొంతు మారుతుంది, కోరిక తలెత్తుతుంది. 2016 అక్టోబరు 11న పాత పాలమూరు జిల్లా నుంచి ఏర్పడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పల్లెల్లో తల్లిదండ్రులు పనుల కోసం వలసపోతే ఇటువంటి పిల్లలు అవ్వాతాతల దగ్గరే ఉండిపోతారు గనుక, ఈ మార్పులను గురించి వారికి చెప్పవలసినవారు ఎవరన్నది తేలదు.

ఏమీ తెలియకపోవడమే రక్షణ అన్న నమ్మకం ఇక్కడ బలంగా ఉంది. నిజానికి ప్రమాదం అమాయకత్వంలో కన్నా విధేయతలో ఎక్కువగా ఉంది: పెద్దలు ఏం చెప్పినా విన్నందుకే మెప్పు పొందుతూ పెరిగిన పిల్ల, పరిచయస్థుడైన పెద్దమనిషి చెప్పినదాన్ని కూడా అలాగే వింటుంది. స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి సాయం అవసరమైన పిల్లకు ‘మంచి స్పర్శ, చెడు స్పర్శ’ అన్న పాఠం ఒక్కటే చాలదు. తాకేది ఎవరు, ఎందుకు, ముందుగా చెప్పి తాకుతున్నారా, ఎవరికీ చెప్పవద్దంటున్నారా అన్న గుర్తులను విడివిడిగా, ఏళ్ల తరబడి అభ్యాసం చేయించాలి.

1994లో మహారాష్ట్రలోని శిరూరు ప్రభుత్వ వసతిగృహంలో ఉంటున్న మేధో వైకల్యం గల స్త్రీలకు గర్భసంచులు తొలగించడం దేశవ్యాప్తంగా వివాదమైంది. నెలసరి శుభ్రత వారు పాటించలేరన్నది అప్పట్లో చెప్పిన కారణం. ఆ శస్త్రచికిత్స అత్యాచారాన్ని ఆపదు, గర్భం రూపంలో బయటపడే ఆనవాలును మాత్రం లేకుండా చేస్తుంది. శుభ్రత నేర్పే మార్గం వేరే ఉంది: ముట్టు రాకముందే ప్యాడ్‌పై ఎర్రరంగు నీళ్లు పోసి చూపడం, లోదుస్తుపై అది అంటించే చోట దారంతో గీత కుట్టడం, విప్పడం, చుట్టడం, చెత్తబుట్టలో వేయడం, చేతులు కడుక్కోవడం అనే మెట్లను బొమ్మలుగా గీసి స్నానాల గది గోడకు అంటించడం, పిల్ల ఒక మెట్టు సొంతంగా చేయగలిగాకే తరువాతి మెట్టుకు వెళ్లడం. అబ్బాయిల విషయంలో, నలుగురిలో మర్మావయవాన్ని తాకుతుంటే కొట్టడానికి బదులు, అది తలుపు వేసుకున్న చోట మాత్రమే చేసే పని అని చెప్పాలి; ఒంటిగది ఇళ్లలో ఆ చోటు ఏదన్నది కూడా ఇంటివారే తేల్చాలి.

సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో నెలకొల్పిన, మేధో వైకల్యం గలవారి జాతీయ సంస్థ ప్రత్యేక ఉపాధ్యాయులను తయారుచేస్తోంది. వైకల్యం గల బడిపిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాలు వారికి సహజమైన వేదికలు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం, వైకల్యం గల పిల్లల వాంగ్మూలం నమోదులో ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం తీసుకునే వీలు కల్పించినా, పిల్లకు తన అవయవాల పేర్లే నేర్పనప్పుడు ఆ సాయానికి ఆధారం దొరకదు.

వైకల్యం గల వ్యక్తుల హక్కుల చట్టం, 2016లోని పదో సెక్షన్, సంతానోత్పత్తి, కుటుంబ నియంత్రణలపై సమాచారం అందేలా చూడడాన్ని ప్రభుత్వ బాధ్యతగా పేర్కొని, స్వేచ్ఛాయుతమైన సమ్మతి లేకుండా సంతానం కలగకుండా చేసే వైద్యాన్ని నిషేధించింది. బడి వయసు దాటినవారికి మాత్రం భవిత కేంద్రం అండ ఉండదు. పెళ్లి చేస్తే కుదురుకుంటాడన్న సలహా సరిగ్గా ఆ వయసులోనే మొదలవుతుంది కనుక, ఆశా కార్యకర్తల శిక్షణలో ఈ పాఠాన్ని చేర్చడం జిల్లా వైద్యారోగ్య శాఖలు వెంటనే చేపట్టదగిన పని.