సైకిల్ మీద పనికి వెళ్తున్నారా? వేసుకునే బట్టలు కాస్త చూసుకోండి

పొద్దున ఆరు గంటలకే మిర్యాలగూడ రైస్ మిల్లుల వైపు, జడ్చర్ల ఫ్యాక్టరీల వైపు సైకిళ్ల మీద వెళ్లేవారు కనిపిస్తారు. హమాలీలు, తాపీ మేస్త్రీలు, వాచ్‌మెన్లు, బడిలో వంట చేసే అమ్మలు, ఇలా ఎందరో. సైకిల్ తొక్కడం గుండెకు మంచిది. షుగర్, బి.పి. అదుపులో ఉండడానికీ తోడ్పడుతుంది. పెట్రోలు ఖర్చూ ఉండదు. అయితే "పనికే కదా, ఏ బట్టలైతే ఏమిటి?" అని చాలామంది అనుకుంటారు. బట్టలు సరిగా లేకపోతే చర్మవ్యాధులు, వడదెబ్బ, ఒక్కోసారి పెద్ద ప్రమాదాలు కూడా వస్తాయి.

ఎండకు ఏ బట్ట మంచిది?

మన నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో మే నెలలో 43, 44 డిగ్రీల ఎండ కొత్త కాదు. 2015 మే నెల వడగాల్పులకు దేశంలో 2 వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారే.

చెమట పట్టినంత మాత్రాన శరీరం చల్లబడదు. ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది. ఒక లీటరు చెమట ఆరితే సుమారు 580 కిలో కాలరీల వేడి బయటికి పోతుంది. గాలి ఆడని మందపాటి పాలిస్టర్ చొక్కా, బిగుతు జీన్స్ ప్యాంటు చెమటను ఆరనివ్వవు. అప్పుడు ఒంట్లోని నీరు, ఉప్పు పోతాయే గాని వేడి తగ్గదు.

కాబట్టి లేత రంగు, పలుచని, వదులైన నూలు చొక్కా వేసుకోండి. పొడుగు చేతులు, కాలరు ఉంటే మెడకు, చేతులకు ఎండ తగలదు. తలకు నూలు కండువా చుట్టుకోండి. పోచంపల్లిలో, నారాయణపేటలో మగ్గం మీద నేసే నూలు బట్ట మన ఎండలకు చక్కగా సరిపోతుంది.

నూలు బట్టకు ఒక ఇబ్బంది ఉంది. బాగా తడిస్తే తొందరగా ఆరదు. అందుకే సద్ది సంచిలో ఒక పొడి బనియను, చిన్న తువ్వాలు పెట్టుకుని, పనికి చేరగానే ఒళ్లు తుడుచుకుని మార్చుకోండి.

గజ్జల్లో దురద, సీటు దగ్గర పుండ్లు

తడి బట్టలు గంటలకొద్దీ ఒంటి మీదే ఉంటే గజ్జల్లో, చంకల్లో ఒరుసుకుపోతుంది. తామర కూడా పట్టుకుంటుంది. సిగ్గుపడి డాక్టరుకు చూపించక, మందుల షాపులో ఏదో ట్యూబు అడిగి తెచ్చుకుని రాసేవారు చాలామంది. అలాంటి కొన్ని మలాములలో స్టిరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు దురద తగ్గినట్లే ఉంటుంది గాని, లోలోపల తామర పాకుతుంది. తర్వాత నయం చేయడం కష్టమవుతుంది. ముందే చూపించుకుంటే ఖర్చూ తక్కువ, బాధా తక్కువ.

లోపలి బట్టలు నూలువై, బిగుతు ఎలాస్టిక్ లేకుండా ఉండాలి. రోజూ ఉతికి ఎండలో ఆరవేయండి. తామర ఉన్నవారి తువ్వాలు ఇంట్లో మరొకరు వాడకూడదు. కాళ్ల మధ్య మందపాటి కుట్లు ఉన్న ప్యాంటు సీటు మీద ఒత్తుకుని పుండ్లు చేస్తుంది, తిమ్మిరి కూడా వస్తుంది. షుగర్ ఉన్నవారు రబ్బరు చెప్పులతో కాక, వేళ్లు కప్పి ఉండే మెత్తని బూట్లతో తొక్కాలి. వారికి చిన్న గాయమైనా త్వరగా మానదు.

చున్నీ, చీర కొంగు, లుంగీ

ఇది ప్రాణానికి సంబంధించిన విషయం. మెడ చుట్టూ వేసుకున్న చున్నీ చక్రంలో పడితే క్షణంలో మెడకు బిగుసుకుంటుంది. చున్నీని వెనక్కి వదలకండి. రెండు వైపులా ముందుకు తెచ్చి నడుముకు ముడి వేసుకోండి, లేదా మడిచి సంచిలో పెట్టుకోండి. చీర కొంగు నడుములో గట్టిగా దోపుకోండి. లుంగీ కట్టుకుని తొక్కవద్దు. ప్యాంటు అంచు చైనులో పడకుండా రబ్బరు బ్యాండు పెట్టుకోండి. చైన్ కవరు ఊడిపోయి ఉంటే వెంటనే బిగించుకోండి.

మోటారు సైకిల్ వెనుక చక్రం సగమైనా కప్పి ఉండాలని ప్రభుత్వ నియమం ఉంది. మన సైకిలుకు ఆ రక్షణ మనమే చేసుకోవాలి. వెనుక చక్రానికి రెండు వైపులా జాలీ వేయించండి. దాని వల్ల మరో మేలు కూడా ఉంది. ఆదివారం గుడికి వచ్చేటప్పుడో, బడికి దింపేటప్పుడో వెనుక కూర్చున్న పిల్లల కాలు స్పోకుల్లో పడదు.

స్పోకుల్లో పడిన మడమ మొదటి రోజు చిన్న గాయంలాగే కనిపిస్తుంది. నాలుగైదు రోజులకు చర్మం నల్లబడి ఊడిపోవచ్చు. పసుపు, సున్నం, పళ్లపొడి పెట్టకండి. శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి అదే రోజు ఆస్పత్రికి తీసుకురండి.

దారిలో కళ్లు తిరిగితే

తలనొప్పి, వికారం, కండరాలు పట్టేయడం మొదలైతే సైకిల్ దిగి నీడకు వెళ్లండి. గుండీలు, బెల్టు వదులు చేసుకుని, ఓ.ఆర్.ఎస్. నీళ్లు కొద్దికొద్దిగా తాగండి. ప్యాకెట్ లేకపోతే లీటరు మంచినీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే సరిపోతుంది. చెంచా అంటే టీ చెంచా, అదీ తలకొట్టు కొలత.

మనిషి పొంతన లేకుండా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ కావచ్చు. నోట్లో నీళ్లు పోయకండి. 108కి ఫోన్ చేసి, వాహనం వచ్చేలోగా ఒంటి మీద నీళ్లు చల్లుతూ విసరండి.

రేపు బయలుదేరే ముందు మీ సైకిల్ చైన్ కవరు, వెనుక చక్రం ఒకసారి చూడండి. అలాగే ఇంట్లో సైకిల్ తొక్కే ఆడపిల్ల ఉంటే, చున్నీ ఎలా కట్టుకోవాలో ఈ రాత్రే దగ్గర కూర్చోబెట్టుకుని చూపించండి.