పాలు పడకపోతే పొగరు కాదు, పుట్టుక

ఇందుకూరుపేట: పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. ఒకే పొయ్యి మీద వండిన కూడు ఒకరికి అమృతమైతే మరొకరికి గిట్టదు. మైపాడు మొదలు జువ్వలదిన్నె వరకు సముద్రపు ఒడ్డున ఏ పల్లెలో చూసినా ఈ తంతు కనిపిస్తుంది. రాత్రి కాచిన చేపల పులుసు తెల్లవారి చద్దన్నంలో కలిపితే ఇంటిల్లిపాదీ ఆవురావురుమని తింటారు. అదే ఇంట్లో గ్లాసుడు పాలు ఇస్తే ఒకరు గటగటా తాగేస్తారు, మరొకరు ముఖం తిప్పుకుంటారు. "తాగితే కడుపులో గుడగుడమంటాదమ్మా, నాకొద్దు" అని పిల్లవాడు మొరాయిస్తాడు. "పాలు తాగకుంటే బలమెట్లా వస్తాదిరా, పొగరు కాకపోతే!" అని తల్లి గద్దిస్తుంది. ఒక్కోసారి వీపు మీద నాలుగు తగిలిస్తుంది కూడా.

ఆ పిల్లవాడిది పొగరు కాదని, చాలాసార్లు అతని కడుపు నిజమే చెబుతున్నదని శాస్త్రజ్ఞులు అంటున్నారు. మనిషి దేన్ని ఇష్టపడతాడు, ఏది అతనికి పడుతుంది అన్నది కొంత అలవాటును బట్టి, కొంత తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యువులను బట్టి ఉంటుందని పరిశోధనల్లో తేలింది. పోలికలు, ఒంటి రంగు వంశాన్ని బట్టి వచ్చినట్లే కడుపు తీరు కూడా వంశాన్ని బట్టి వస్తుందన్నమాట.

పశువులకు పెట్టింది పేరు

పాడిపశువుల విషయంలో నెల్లూరు పేరు ఖండాలు దాటింది. దక్షిణ అమెరికాలోని బ్రెజిల్ దేశంలో మాంసం కోసం మందలు మందలుగా పెంచే తెల్లని మూపురం పశువులను అక్కడివారు 'నెలోర్' అని పిలుస్తారు. అవి మన ఒంగోలు జాతి పశువుల సంతతే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడే వరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ పేరే సముద్రాలు దాటి అక్కడ స్థిరపడింది.

పశువులను ఇంతగా సాకిన ప్రాంతంలో పాలు గిట్టనివారు ఉండటం వింతగా తోచవచ్చు. కానీ దక్షిణాదిన ఇది అరుదేమీ కాదు. 1981లో వెలువడిన ఒక పరిశోధనలో ఆరోగ్యవంతులైన వారిని ఎంచుకుని పరీక్షించగా, ఢిల్లీలో నూటికి 27 మందికి పాలలోని చక్కెర అరగలేదు. తిరువనంతపురం, పాండిచ్చేరిలలో నూటికి 66 మందికి అరగలేదు. అంటే దక్షిణాదిన పరీక్షించిన ప్రతి ముగ్గురిలో ఇద్దరిదీ ఇదే పరిస్థితి.

కడుపులో జరిగేది ఇదీ

పాలలో లాక్టోజ్ అనే ఒక రకం చక్కెర ఉంటుంది. చిన్నపేగులో ఊరే లాక్టేజ్ అనే జీర్ణరసం దాన్ని విడగొడితేనే అది ఒంటికి పడుతుంది. పసిబిడ్డలందరికీ ఈ రసం సమృద్ధిగా ఊరుతుంది. తల్లిపాలలో ఆవుపాలకన్నా ఎక్కువ లాక్టోజ్ ఉన్నా బిడ్డకు హాయిగా అరగడానికి కారణం ఇదే. పాలు మరిచే వయసు దాటాక చాలామందిలో ఈ రసం క్రమంగా తగ్గిపోతుంది. అప్పుడు అరగని చక్కెర పెద్దపేగులోకి జారి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులుస్తుంది. కడుపు ఉబ్బరం, గుడగుడలు, గ్యాసు, నీళ్ల విరేచనాలు అందువల్లనే వస్తాయి.

కొందరికి మాత్రం ముసలితనం వచ్చినా ఈ రసం తగ్గదు. జన్యువులో ఉన్న ఒక చిన్న మార్పు దీనికి కారణమని 2002లో ఫిన్లండ్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఇంట్లో దీపానికి స్విచ్ ఉన్నట్లు ఈ రసానికీ ఒక స్విచ్ ఉన్నదనుకుంటే, చాలామందిలో అది చిన్నతనం దాటాక ఆరిపోతుంది, ఆ మార్పు ఉన్నవారిలో వెలుగుతూనే ఉంటుంది. తల్లి నుంచి గానీ, తండ్రి నుంచి గానీ ఒక్కరి వైపు నుంచి వచ్చినా చాలు. ఒకే ఇంట్లో అన్నకు పాలు పడి తమ్ముడికి పడకపోవడంలోని కిటుకు ఇదే.

యూరపు వారిలో ఉన్న ఈ మార్పే మన దేశంలోనూ ఉన్నదని 2011లో వెల్లడైంది. దేశవ్యాప్తంగా రెండు వేలమందికి పైగా జన్యువులను పరీక్షించిన ఈ పరిశోధనలో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు కూడా పాల్గొన్నారు. వాయవ్య దిక్కున ఈ మార్పు ఎక్కువగా ఉండి, దక్షిణానికి, తూర్పుకు వచ్చేకొద్దీ తగ్గుతుంది. తరతరాలుగా పశువులను కాచి, పాల మీదే బతికిన వారిలో ఇది ఎక్కువగా కనిపించింది. పాలు అరిగినవారికి కరువులో ప్రాణం నిలిచి, వారి సంతతి పెరగడం వల్ల ఇది వ్యాపించి ఉంటుందని శాస్త్రజ్ఞుల భావన.

పెద్దలు కనిపెట్టిన ఉపాయం

జన్యువుల సంగతి తెలియని రోజుల్లోనే మన పెద్దలు దీనికి ఉపాయం కనిపెట్టారు. పాలను తోడుపెట్టి పెరుగు చేశారు, చిలికి మజ్జిగ తీశారు, వెన్న కాచి నెయ్యి చేశారు. తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను కొంత తామే తినేస్తాయి. మిగిలినదాన్ని అరిగించడానికి కడుపులోనూ సాయపడతాయి. నెయ్యిలో ఆ చక్కెర దాదాపు ఉండదు. పాలు తాగితే బాధపడే మనిషి మజ్జిగన్నం తిని సుఖంగా ఉండటానికి కారణం ఇదే.

కొందరు ఆవుపాలు కాకపోతే మేకపాలు, చిక్కటివి కాకపోతే నీళ్లు కలిపినవి ఇస్తుంటారు. ఆవు, గేదె, మేక, ఏ పాలలోనైనా లాక్టోజ్ ఉంటుంది. కాచినంత మాత్రాన అది పోదు. అయితే పాలు పడనివారు కూడా కొద్దిపాటి పాలను అన్నంతోనో, టిఫినుతోనో కలిపి తీసుకుంటే చాలామందికి ఇబ్బంది ఉండదని వైద్యులు చెబుతున్నారు. పరగడుపున నిండు గ్లాసు తాగితేనే తంటా.

పాలు మానితే ఎముకలకు బలం ఎట్లా అన్న బెంగ అక్కరలేదు. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంతే తూకం ఆవుపాలలో ఉండేది సుమారు 120 మాత్రమే. రాగి సంగటి, మునగాకు, నువ్వులు, పెరుగు ఉండనే ఉన్నాయి. ముల్లుతో సహా నమిలి తినే నెత్తళ్లు తీరంలోని పేదవాడికి పాలగ్లాసుతో సమానం.

చేదు, చేప కూడా అంతే

పాల సంగతి ఒక్కటే కాదు. 1931లో అమెరికాలో ఒక ప్రయోగశాలలో ఒక రసాయనపు పొడి గాలికి ఎగిరింది. ఒకరికి నోరంతా చేదైంది, దాన్ని చేతపట్టుకున్న శాస్త్రజ్ఞుడికి మాత్రం ఏ రుచీ తెలియలేదు. ఆ తేడా వంశపారంపర్యమని తర్వాత తేలింది. దానికి ముఖ్య కారణమైన జన్యువును 2003లో గుర్తించారు. చేదును పసిగట్టే జన్యువులు మనిషిలో సుమారు 25 ఉన్నాయి. క్యాబేజీ కూర ఒకరికి కమ్మగా, మరొకరికి చేదుగా తోచడానికి ఇదొక కారణం.

చేపలు తినేవారికి వాటిలోని మేలైన కొవ్వు నేరుగా అందుతుంది. శాకాహారి ఒంట్లో మాత్రం గింజల నుంచి, నూనెల నుంచి ఆ కొవ్వు తయారు కావాలి. ఈ పనిని సులువు చేసే ఒక జన్యువు మార్పును 2016లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వారు పరిశీలించారు. మన పూనా శాకాహారుల్లో నూటికి 68 మందికి అది రెండు వైపుల నుంచీ వచ్చింది. అమెరికాలో పరీక్షించిన వారిలో అలాంటివారు నూటికి 18 మందే. తరాల తిండి తరాల ఒంటిని మలుస్తుందనడానికి ఇది నిదర్శనం.

గుర్తుంచుకోవలసినవి

అయితే అన్నీ జన్యువుల మీదికి నెట్టడం తగదు. తల్లి ఏం వండి పెట్టింది, జేబులో ఎంత ఉంది, ఊళ్లో ఏం దొరుకుతుంది అన్నవి కూడా తిండిని నిర్ణయిస్తాయి. ఒకే కులంలో, ఒకే ఇంట్లో పాలు పడేవారూ పడనివారూ ఉంటారు కనుక, ఇది ఒకరి గొప్పా కాదు, మరొకరి తక్కువా కాదు.

పసిబిడ్డకు విరేచనాలైతే 'పాలు పడటం లేదు' అని తల్లిపాలు మాన్పడం ప్రమాదకరం. తల్లిపాలు ఇస్తూనే ఓ.ఆర్.ఎస్. నీళ్లు పట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి. పెద్దవారికైనా విరేచనంలో రక్తం పడినా, జ్వరం వచ్చినా, బరువు తగ్గుతున్నా అది వేరే జబ్బు కావచ్చు, డాక్టరుకు చూపించాల్సిందే. అలాంటివేవీ లేకుండా పాలు తాగినప్పుడల్లా కడుపు చెడుతుంటే, డాక్టరును అడిగి రెండు వారాలు పాలు ఆపి చూస్తే సంగతి తెలిసిపోతుంది. పెద్ద ఆస్పత్రుల్లో ఊపిరిని పరీక్షించి కూడా చెబుతారు.

ఇక బిడ్డ 'కడుపులో గుడగుడమంటాది' అన్నప్పుడు చెయ్యెత్తే ముందు తల్లి ఒక్క క్షణం ఆగాలి. అది తనకు తన తల్లి నుంచో, తన పెనిమిటికి వాళ్ల నాయన నుంచో వచ్చిన కడుపే కావచ్చు. ఆ పాలనే తోడుపెట్టి, తెల్లవారి చద్దన్నంలో కలిపి పెడితే బిడ్డ కిక్కురుమనకుండా తిని బడికి పోతాడు.