కొంగలొచ్చాయ్.. కొల్లేరేదీ?

ఖురం (ఒమన్): శుక్రవారం సాయంత్రమైతే ఖురం బీచ్‌లో తెలుగు మాటలు వినపడతాయి. రూయి నుంచి, వాదీ కబీర్ నుంచి, ఘాలా క్యాంపుల నుంచి మనోళ్లు నలుగురైదుగురు కలిసి ట్యాక్సీ మాట్లాడుకుని వస్తారు. ఇసుకలో కూర్చుని పల్లీలు తింటూ ఇంటికి ఫోన్లు చేసుకుంటారు. అందరి చూపూ సముద్రం మీదే. వెనక్కి తిరిగి చూసేవాళ్లు తక్కువ. అక్కడ కంచె లోపల బురదలో ఓ చిన్న అడవి ఉంది. చలికాలం వచ్చిందంటే దాన్నిండా కొంగలే.

నాది ఏలూరు దగ్గర ఊరు. మస్కట్ వచ్చిన కొత్తలో ఓ రోజు సముద్రపు పోటు తీసిన వేళ ఆ కంచె పక్కన నడుస్తుంటే గుప్పున బురద వాసన తగిలింది. కాళ్లు ఆగిపోయాయి. చిన్నప్పుడు పెద్దింట్లమ్మ జాతరకని కొల్లేటికోట వెళ్లినప్పుడు దోనెలో వచ్చిన వాసన అది. ఎడారి దేశంలో కొల్లేరు ఎక్కడి నుంచి వచ్చిందిరా అనుకున్నా.

ఆ అడవిలో ఉన్నవి మడచెట్లు. మన కాకినాడ దగ్గర కోరంగిలో ఉండే జాతి మడ ఇక్కడా ఉంది. అసలు ఖురం అన్న పేరే మడచెట్టుది. అరబ్బీలో మడను ఖుర్మ్ అంటారు. 1975లోనే ఒమన్ ప్రభుత్వం దీన్ని రక్షిత ప్రాంతం చేసింది. 2013లో ఇది రామ్‌సార్ జాబితాకెక్కింది. ఒమన్ నుంచి ఆ జాబితాలో చేరిన మొదటి చోటు ఇదే. రామ్‌సార్ అంటే ఇరాన్‌లో ఓ ఊరు. నీటి నేలలను కాపాడుకుందామని 1971లో కొన్ని దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నది అక్కడే.

ఖురం విస్తీర్ణం దాదాపు 107 హెక్టార్లు. మన లెక్కలో 264 ఎకరాలు. ఓ మోస్తరు ఊరి చెరువంత. పక్కన హోటళ్లు, బంగళాలు, ఆరు వరసల రోడ్డు. ఇక్కడ సెంటు భూమి ఎంత పలుకుతుందో డ్రైవింగ్ చేసేవాళ్లను అడగండి, చెబుతారు. అయినా ఆ 264 ఎకరాల జోలికి ఎవరూ పోలేదు.

ఇదే రామ్‌సార్ జాబితాలో మన కొల్లేరు 2002లోనే చేరింది. అక్కడ రాసుకున్న విస్తీర్ణం 90,100 హెక్టార్లు. అంటే రెండు లక్షల ఇరవై వేల ఎకరాలకు పైమాటే. ఖురం లాంటివి ఎనిమిది వందలకు పైగా పడతాయి అందులో.. కాగితం మీద!

ఉపగ్రహానికి కనపడని నీరు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలా ఉన్న పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి ఇందులో పడతాయి. డెల్టా కాల్వలు, డ్రెయిన్లు చిన్నా పెద్దా కలిపి 67 దాకా దీంతో కలుస్తాయి. వచ్చిన నీళ్లన్నీ కొన్నాళ్లు ఇక్కడ నిలిచి, మెల్లగా ఉప్పుటేరు మీదుగా సుమారు 60 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తాయి. వరద నీటికి ఇది విడిది. ఆ విడిదిలో బురద కిందికి దిగేది, కిక్కిస గడ్డి మురికిని పీల్చేది, చేప గుడ్లు పెట్టేది, పక్షి ఆ చేపను తినేది. లంకల్లో ఉండే వడ్డెల పిల్లలకు వల వెయ్యడం నడకతోపాటే వచ్చేది.

ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు కె. నాగేశ్వరరావు, జి. మురళీకృష్ణ, బి. హేమమాలిని కలిసి 2001 ఫిబ్రవరి 9న మన దేశ ఉపగ్రహం తీసిన కొల్లేరు చిత్రాన్ని కంప్యూటర్ మీద పరిశీలించారు. 2004లో కరెంట్ సైన్స్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో దాదాపు 42 శాతం చేపల చెరువులే. లెక్కపెడితే 1,050 చెరువులు. ఇంకో 8.5 శాతం వరి చేలు. మిగిలినదాంట్లో గుర్రపుడెక్క, గడ్డి. తేటనీరు అన్నది ఆ చిత్రంలో ఎక్కడా కనపడలేదు. సరస్సు బొమ్మలో నీళ్లు లేవు!

దీనికి ఒక్కరిని తప్పుపట్టి లాభం లేదు. 1970ల్లో ప్రభుత్వమే మత్స్యకారులతో సహకార సంఘాలు పెట్టించి చెరువులు తవ్వించి ఇచ్చింది. తర్వాత పెట్టుబడి ఉన్నవాళ్లు లీజులకు దిగారు. గట్టు మీద గట్టు లేచింది. 1999లో ప్లస్ 5 కాంటూరు దాకా, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత వరకు, అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చెరువు గట్లు కొట్టేశారు. 2008లో అసెంబ్లీ ఆ గీతను ప్లస్ 3కి దించమని తీర్మానం చేసింది. పి.ఎ. అజీజ్ అధ్యక్షతన వేసిన కమిటీ వద్దంది. ఈలోగా కొట్టేసిన గట్లు మళ్లీ లేచాయి. లీజు డబ్బుల్లో గల్ఫ్ నుంచి వెళ్లిన డబ్బు ఎంతో ఎవరూ లెక్కగట్టలేదు గానీ, మన గదుల్లో ‘చెరువులో వాటా తీసుకున్నా’ అన్న మాట విననివాళ్లు ఉండరు. చేపల చెరువు తప్పని అనడం లేదు. వేల కుటుంబాలు దానిమీదే బతుకుతున్నాయి. సరస్సు కడుపులో తవ్వడమే తంటా.

నీరు వేడెక్కితే..

చేపల చెరువు మీద కాపలా ఉన్నవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. మబ్బు పట్టి గాలి ఆడని రోజు, తెల్లవారుజామున, చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. అప్పుడు పరుగులు.. ఏరియేటర్లు వెయ్యండి, కొత్త నీళ్లు పెట్టండి అని. ఎందుకలా? పగలు ఎండలో నాచు ప్రాణవాయువును నీళ్లలోకి వదులుతుంది. రాత్రి అదే నాచు దాన్ని తిరిగి పీల్చుకుంటుంది. తెల్లారేసరికి నీళ్లలో ఊపిరి అయిపోతుంది. మేత, ఎరువు, కోళ్లపెంట ఎంత ఎక్కువ పడితే నాచు అంత ఎక్కువ, గండం అంత దగ్గర. చెరువుకైతే కాపలా మనిషి ఉన్నాడు. ఆ చెరువు నీళ్లన్నీ వదిలేసే సరస్సుకు ఏరియేటర్ ఎవరు వేస్తారు?

దీనికి వేడి తోడవుతోంది. లీటరు నీళ్లలో 20 డిగ్రీల దగ్గర సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు నిలుస్తుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరకు పడిపోతుంది. నీరు వేడెక్కేకొద్దీ చేపకు ఊపిరి ఎక్కువ కావాలి, దొరికేది తక్కువ.

ఇది మన ఒక్క ఊరి గోల కాదు. ప్రపంచమంతా 235 సరస్సులను పరిశీలించి 2015లో ఇచ్చిన నివేదికలో, పైనీటి వేడి సగటున పదేళ్లకు 0.34 డిగ్రీల చొప్పున పెరుగుతోందని తేలింది. 2021లో నేచర్ పత్రికలో ఇంకో పరిశోధన వచ్చింది. సమశీతోష్ణ దేశాల్లోని 393 సరస్సుల్లో 1980 నుంచి పైనీటిలో ప్రాణవాయువు 5.5 శాతం, అడుగునీటిలో 18.6 శాతం తగ్గిందట. లోతైన సరస్సులవి. మన కొల్లేరు చాలాచోట్ల మనిషి లోతు కూడా ఉండదు. ఎండకు అడుగు దాకా కాగుతుంది. నీళ్లు ఇగిరితే ఉప్పుటేరు మీదుగా సముద్రం లోపలికి తన్నుకొస్తుంది. మన లంక ఊళ్లలో చుట్టూ నీళ్లు పెట్టుకుని, తాగడానికి డబ్బాల నీళ్లు కొనుక్కునే కథ ఇదే.

2023లో సైన్స్ పత్రికలో వచ్చిన లెక్క అన్నిటికన్నా పెద్దది. ఉపగ్రహాలతో 1,972 పెద్ద సరస్సులను, రిజర్వాయర్లను 1992 నుంచి 2020 దాకా చూశారు. సగానికి పైగా, 53 శాతం, నీటిని పోగొట్టుకుంటున్నాయి. సహజ సరస్సులకు వేడి, మనుషుల వాడకం.. రిజర్వాయర్లకు పూడిక. ప్రపంచ జనాభాలో నాలుగో వంతు ఇలా ఎండుతున్న సరస్సుల పరీవాహకంలోనే ఉన్నారు.

ఒమన్‌కు ఆ బెంగ లేదు, ఎందుకంటే ఇక్కడ సరస్సులే లేవు! సహజమైన సరస్సు చూడాలంటే అల్ హమ్రా దగ్గర హూతా గుహలోకి దిగాలి. అందులో చూపులేని చేపలుంటాయి. మస్కట్‌లో మనం తాగేది ఎక్కువగా సముద్రపు నీళ్లను మంచిగా మార్చినవి. ఘుబ్రాలో ఆ ప్లాంటు 1976లోనే మొదలైంది. ఊళ్లలో మాత్రం ఫలజ్‌లు ఉన్నాయి. కొండ కింది ఊటను సన్న కాల్వలో తెచ్చి గంటల లెక్కన పంచుకుంటారు. ముందు తాగడానికి, ఆ తర్వాతే తోటకు. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వంలో చేర్చింది. నీళ్లు లేనివాడికి తెలిసిన పొదుపు అది.

దారి మూస్తే దారి చూసుకుంటుంది

ఖురం అడవి వాదీ అదై సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉంది. వాదీ అంటే ఏడాదంతా ఎండిపోయి ఉండే ఏరు. చూస్తే నీళ్లొస్తాయని నమ్మకం కుదరదు. 2007 జూన్‌లో గోను తుపాను వచ్చినప్పుడు ఇక్కడున్నవాళ్లు ఆ రాత్రి మర్చిపోరు. కొండల మీంచి వాదీ, ఇటు నుంచి సముద్రం.. రెండూ ఖురంలో ఎదురెదురు పడ్డాయి. రోడ్లు కొట్టుకుపోయాయి, షాపులు మునిగాయి, కార్లు ఆటబొమ్మల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఒమన్ మొత్తం మీద యాభై మంది దాకా చనిపోయారు. మడచెట్లూ దెబ్బతిన్నాయి. 2021 అక్టోబర్‌లో షహీన్ మళ్లీ గుర్తు చేసింది.

2024 సెప్టెంబర్ 1న మన విజయవాడ వంతు. బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ చుట్టుపక్కల ఇళ్లు నిలువునా మునిగాయి. ఇక్కడ క్యాంపుల్లో మనోళ్లు అమ్మానాన్నల ఫోన్లు కలవక ఆ రాత్రంతా కూర్చునే ఉన్నారు. గండ్ల సంగతి వేరే. కానీ ఆ బుడమేరు చివరికి చేరాల్సింది కొల్లేరుకే. కొల్లేరులో గట్లు, ఉప్పుటేరులో పూడిక ఉంటే పై నీళ్లు త్వరగా దిగవు.

ప్లాటు కొనే ముందు

ఇదంతా మనకెందుకు అంటారా? ఇక్కడ సంపాదించిన ప్రతివాడి మొదటి కోరిక ఊళ్లో ఓ ప్లాటు. చవగ్గా వచ్చే ప్లాటు చాలాసార్లు పల్లంలోదే. చెరువు నిండితే నీరు నిలిచే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. హైదరాబాద్ పరిధిలో పాతిక ఎకరాలు దాటిన చెరువైతే ఆ హద్దు నుంచి ఇంకో 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు ఖాళీ వదలాలి. 2024 జులైలో హైడ్రా వచ్చాక అక్కడ కూల్చివేతలు మీరు టీవీల్లో చూసే ఉంటారు. రిజిస్ట్రేషన్ అయింది, బ్యాంకు లోను ఇచ్చింది అన్నది చాలదు. సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూపించుకోవాలి. ఇరిగేషన్ వాళ్ల దగ్గర చెరువు హద్దులు అడగాలి. ఊళ్లో ముసలాళ్లను అడిగినా చాలు, ఎక్కడిదాకా నీళ్లొచ్చేవో వేలుపెట్టి చూపిస్తారు.

నాకీ తెలివి ముందే ఉంటే బాగుండేది. ఓ ఏజెంటు మాట నమ్మి, ఎండాకాలం సెలవులో వెళ్లినప్పుడు చూసిన ప్లాటుకు యాభై వేలు అడ్వాన్సు ఇచ్చి వచ్చా. నేల పగుళ్లు చూసి నల్లరేగడి అనుకున్నా. వానలు పడ్డాక తమ్ముణ్ని ఓసారి పోయి చూడరా అన్నా. వాడు ఫొటో పంపాడు. మోకాలి లోతు నీళ్లు. నా హద్దురాయి మీద కొంగ నిలబడి ఉంది. అడ్వాన్సు ఇంకా తిరిగి రాలేదు.