వినే రేడియో కూడా పలుకుతుంది

రేడియో పెట్టె వినడానికే గానీ పలకడానికి కాదని మనందరి అభిప్రాయం. స్టేషను ప్రసారం చేస్తుంది, మన ఇంట్లోని పెట్టె ఆ ప్రసారాన్ని అందుకుంటుంది. అలాంటప్పుడు, గొంతు తగ్గించుకుని ఓ మూల కూర్చుని రేడియో వినేవాణ్ణి బయటివారు కనిపెట్టగలరా? కనిపెట్టగలరు. ఎలాగో తెలియాలంటే పెట్టె లోపల ఏం జరుగుతుందో చూడాలి.

ఒక్కొక్క స్టేషనుకు ఒక్కొక్క పౌనఃపున్యం, అంటే సెకనుకు ఇన్ని కంపనాలు అనే లెక్క, ఉంటుంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రానిది మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్. అన్ని పౌనఃపున్యాలనూ ఒకే నాణ్యతతో పెద్దవి చేయగల పెట్టెను తయారుచేయడం కష్టం. 1918లో అమెరికా ఇంజనీరు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ దీనికొక ఉపాయం కనిపెట్టాడు. ఏ స్టేషను వచ్చినా ముందుగా దానిని ఒకే స్థిరమైన పౌనఃపున్యానికి మార్చి, అక్కడ పెద్దది చేయడమే ఆ ఉపాయం. దీనినే సూపర్‌హెటరోడైన్ పద్ధతి అంటారు. మన మామూలు ట్రాన్సిస్టర్లలో ఆ స్థిర సంఖ్య సాధారణంగా 455 కిలోహెర్ట్జ్.

ఈ మార్పు జరగాలంటే పెట్టె తనకు తానుగా ఒక తరంగాన్ని పుట్టించి, వచ్చిన తరంగంతో కలపాలి. ఆ పని చేసే భాగం పేరు లోకల్ ఆసిలేటర్. విజయవాడ కేంద్రం పెట్టినప్పుడు అది 837కు 455 కలిపి, 1292 కిలోహెర్ట్జ్ తరంగాన్ని పుట్టిస్తుంది. అందులో కొద్ది భాగం తీగల గుండా, ఏరియల్ గుండా బయటికి జారిపోతుంది. దగ్గరలో ఎవరైనా ఆ 1292ను పట్టుకుంటే అక్కడ రేడియో ఉన్నట్టు తెలుస్తుంది. అందులోంచి 455 తీసేస్తే ఏ స్టేషను వింటున్నారో కూడా తెలుస్తుంది.

దీనిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ముల్లు తిప్పే పాతరకం ట్రాన్సిస్టర్లు రెండు తీసుకుని పక్కపక్కన పెట్టండి. ఒకదానిని 1292 దగ్గర, స్టేషను లేని చోట ఉంచండి. బుసబుసమనే శబ్దం వినిపిస్తుంది. రెండవదాని ముల్లును 837 దగ్గర మెల్లగా అటూ ఇటూ కదపండి. ఒకచోట మొదటి పెట్టెలోని బుస తగ్గుతుంది, లేదా ఈల వినిపిస్తుంది. పెట్టెలను దూరంగా జరిపితే ఆ ప్రభావం పోతుంది. మా తరగతుల్లో ఈ ప్రయోగం చేయించినప్పుడు పిల్లలు కూడిక, తీసివేతలు వాళ్లంతట వాళ్లే వేసుకోవడం మేము చూశాము.

1980ల మధ్య వరకు మన దేశంలో రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవారమని పెద్దలకు గుర్తుండే ఉంటుంది. బ్రిటన్‌లో లైసెన్సు లేని టీవీలను పట్టడానికి 1952 నుంచి ప్రత్యేక వ్యాన్లు తిరిగాయి. అవి కూడా సెట్టు నుంచి జారిపోయే సంకేతాలనే వెతికేవి. అక్కడి గూఢచార సంస్థ ఎం.ఐ.5 సోవియట్ గూఢచారులు వినే రేడియోలను ఈ మార్గంలోనే వెతికిందని, ఆ సంస్థలో పనిచేసిన పీటర్ రైట్ 1987లో వచ్చిన తన పుస్తకంలో వివరించాడు.

విమానంలో ఎఫ్.ఎం. రేడియో పెట్టవద్దనడానికి కూడా కారణం ఇదే. ఎఫ్.ఎం.లో స్థిర సంఖ్య 10.7 మెగాహెర్ట్జ్. హైదరాబాద్ రెయిన్‌బో 101.9కి అది కలిపితే 112.6 వస్తుంది. విమానాలకు దారి చూపే సంకేతాలు 108 నుంచి 118 మెగాహెర్ట్జ్ మధ్యనే ఉంటాయి.

అయితే ఈ విజ్ఞానాన్ని తప్పుగా అన్వయిస్తే ఎంత నష్టమో రెండవ ప్రపంచయుద్ధం చూపించింది. శత్రు విమానాల రాడార్‌ను ముందే పసిగట్టడానికి జర్మన్ జలాంతర్గాములలో 1942 నుంచి మెటాక్స్ అనే రిసీవరు అమర్చారు. 1943 మే నెల ఒక్కదానిలోనే నలభైకి పైగా జలాంతర్గాములు మునిగిపోయాయి. పరీక్షించి చూస్తే మెటాక్స్ నుంచి తరంగాలు జారుతున్నట్టు తేలింది. పట్టుబడిన ఒక బ్రిటిష్ వైమానికుడు కూడా తాము వాటిని పట్టుకునే వస్తున్నామని చెప్పాడు. ఆ వేసవిలోనే మెటాక్స్ వాడకాన్ని నిలిపివేశారు. కానీ అసలు కారణాలు వేరు. బ్రిటిష్, అమెరికన్ విమానాలు మెటాక్స్‌కు వినిపించని 10 సెంటీమీటర్ల రాడార్‌ను వాడుతున్నాయి. జర్మన్ల రహస్య సందేశాలను కూడా అవతలి పక్షం చదువుతోంది.

మెటాక్స్ నుంచి తరంగాలు జారడం నిజమే. వాటివల్లనే పడవలు మునిగాయన్నది మాత్రం నిజం కాదు. ఒక పని జరగడానికి వీలుంది అన్నంత మాత్రాన అది జరిగిందని నిర్ణయించకూడదు. విజ్ఞానశాస్త్రం చదివే మన పిల్లలు సూత్రంతోపాటు ఈ తేడాను కూడా నేర్చుకోవాలని మా కోరిక. రెండు పాత ట్రాన్సిస్టర్లు దొరికితే ఈ సెలవుల్లో పిల్లల చేత ఆ ప్రయోగం చేయించండి.